పండ్లరసము నుండి విషమును వేఱుచేయు విద్య

 

ఒకనాడు పొలములును బండరాళ్ళును పరచుకొని యుండిన హైదరాబాదులోని ఈ కొత్తగూడ నేడు గాజుమేడల నడుమ నున్నది. ఈ మేడలలో పగలనక రేయనక పనిచేయువారు విరామవేళ ఒక ఆపిల్ రసపు డబ్బాను కొని, దానిపై ముద్రించిన అక్షరములను నమ్మి త్రాగుచున్నారు. ఆహారసాంకేతిక శాస్త్రమున పట్టభద్రులైన మీతో ఆ నమ్మకమును గూర్చియే మాటలాడదలచితిని. ఏలయన దానిని నిలుపవలసినవారు మీరే.

గాయపడిన ఆపిల్ పండుపై నీలిపచ్చని బూజు పట్టుట మీరెల్లరు చూచినదే. పెనిసీలియం ఎక్స్‌పాన్సమ్ అను ఆ శిలీంధ్రము ప్యాట్యులిన్ అను విషమును పుట్టించును. 1940వ దశకమున దీనిని దివ్యౌషధమని తలచి ఇంగ్లండులో జలుబునకు ప్రయోగించి చూచిరి. గుణము కానరాలేదు, విషత్వము మాత్రము క్రమముగా బయటపడెను. రసమును పాశ్చరీకరించినను ఇది చాలవఱకు నిలిచియే యుండును. వడగట్టినను దొరకదు. మన పల్లెలలో చిల్లగింజను అరగదీసి కుండలో కలిపినచో మురికి అడుగునకు దిగును గాని, నీటిలో కరిగిపోయినదానిని ఆ గింజ తాకజాలదు. ప్యాట్యులిన్ రసమున అట్లే కరిగి యుండును. ఆపిల్ రసమున కిలోకు 50 మైక్రోగ్రాములకు మించి ఇది ఉండరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌యును, మన దేశపు ఆహార భద్రతా ప్రమాణమును నిర్దేశించుచున్నవి.

కరిగినదానిని పట్టుకొనుటకు అధిశోషణమను మార్గము కలదు. బొగ్గు ద్రావణముల రంగును హరించునని 1785లో సెయింట్ పీటర్స్‌బర్గున టోబియాస్ లోవిట్జ్ గమనించెను. కోనసీమలో మనము పొయ్యిలో వేయు కొబ్బరిచిప్పనే బొగ్గుచేసి, వేడియావిరితో ఉత్తేజపఱచినచో, ఒక్క గ్రాము పొడిలోని సూక్ష్మరంధ్రముల గోడల వైశాల్యము సుమారు వేయి చదరపు మీటర్లగును. 154 అణుభారము గల ప్యాట్యులిన్ ఆ రంధ్రములలో దూరి గోడల నంటుకొనును. అయితే ఆ గోడలకు మిత్రామిత్ర వివేకము లేదు. రసమునకు రంగును వగరును ఇచ్చు ఫినాలిక పదార్థములు, సువాసననిచ్చు అణువులు అదే చోటుకై పోటీపడి, విషముతో పాటు తామును చిక్కుకొనును. మోతాదు పెంచినకొలది రసము నిర్విషమగును, నిస్సారమును అగును. దీనికి మాఱుగా, రొయ్యపెంకుల నుండి తీసిన కైటోసాన్‌కు ఇనుప ఆక్సైడు కణములను జోడించి, పని ముగిసిన పిదప అయస్కాంతముతో వెలికితీయు పద్ధతిని ప్రయోగశాలలలో పరీక్షించిరి. భీమవరము, నెల్లూరు ప్రాంతముల రొయ్యల శుద్ధిశాలలలో మిగులు పెంకులలో ఈ విలువ మీలో నెవరికైనను కనబడునని నా ఆశ.

బూజువిషము మన నగరమునకు పుస్తకములలోని మాట మాత్రమే కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామములలో అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిని 397 మంది రోగగ్రస్తులు కాగా, 106 మంది మరణించిరి. కారణము అఫ్లటాక్సిన్ అను బూజువిషమని నిర్ధారించినది మన నగరమున తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1995లో మన దక్కను పీఠభూమిలోనే 27 గ్రామముల ప్రజలు వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిని కడుపునొప్పితోను విరేచనములతోను బాధపడిరి. అప్పుడు ఆ సంస్థ శాస్త్రజ్ఞులే గింజలలో ఫ్యూమోనిసిన్ అను మఱియొక బూజువిషమును కనుగొనిరి. వండుకొని తినువానికి ఏ బొగ్గును, ఏ అయస్కాంతమును అందుబాటులో లేవు. గింజను ఆరబెట్టుట, చెడినదానిని ఏఱి పాఱవేయుట తప్ప అతనికి రక్షణ లేదు.

పండ్లరసమునకును మొదటి రక్షణ అదియే. ప్యాట్యులిన్ నివారణకై 2003లో కోడెక్స్ వెలువరించిన ఆచరణ నియమావళి తోటనుండియే ఆరంభమగును. పైగా రసమున ప్యాట్యులిన్ కనబడుట కుళ్ళిన పండు వాడితిరనుటకు సాక్ష్యము. ఆ ఒక్క విషమును బొగ్గుతో లాగివేసినచో పరీక్షలో అంకె తగ్గును, సాక్ష్యము మాయమగును, కుళ్ళునందలి తక్కినవి మాత్రము సీసాలోనే యుండును. శుద్ధియంత్రము కలదు గదాయని చౌకగా దొరకిన చెడుపండును గానుగలో వేయుట శాస్త్రమును దోషమునకు తోడు పిలుచుటయే. ఏఱివేతలో ఎంత జాగ్రత్త పడినను మిగిలిన స్వల్పాంశమును తొలగించుటకే అధిశోషకమును వాడుట ధర్మము. విషమును పీల్చిన పొడి ఎక్కడికి పోవుచున్నదో తెలిసికొనుటయు మీ పనియే.

కనుక విద్యార్థులారా, మీరు ఉద్యోగమున చేరిన మొదటి దినమున ప్రయోగశాలకు పోవుటకు ముందు పండ్ల లారీ దించు చోటికి పొండు. నాలుగు పెట్టెలు విప్పించి, అడుగు వరుసలోని పండ్లను చేతబట్టి చూడుడు. చెడినదానిని త్రిప్పి పంపు అధికారమును మీ సంతకమునకు ఇమ్మని యజమానిని అడుగుడు.