మన పాత రోన్: గుంజల్లో ఉన్న చరిత్ర

ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు.

దండారీ గురించి, గుస్సాడీ గురించి, జోడేఘాట్ గురించి ఇలాంటి సభల్లో మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మన పాత ఇంటి గురించి మాట్లాడుకుందాం. గోండీలో ఇంటిని రోన్ అంటాం కదా, ఆ రోన్ గురించే.

పాత రోన్ చూసినవాళ్లు మట్టి ఇల్లు అనేస్తారు. నిజానికి అది కర్ర ఇల్లు. నడుమ నిలిచే పొడవాటి గుంజను తెలుగులో నిట్రాడు అంటారు. నిట్రాళ్ల మీద ఇంటి పొడవునా వెన్నుగాడి ఉంటుంది. రెండు పక్కలా పొట్టి గుంజలు, వాటి మీద దూలాలు. వెన్నుగాడి నుంచి దూలాల మీదికి వాసాలు దిగుతాయి. వాసాలకు అడ్డంగా వెదురు బద్దలు, ఆపైన గడ్డి, లేదంటే గూనపెంకులు. పైకొన పంగలా చీలిన కర్రను గుంజకు ఎంచుకుంటే మేకుతో పని లేదు. దూలం ఆ పంగలోనే కూర్చుంటుంది.

ఇక్కడే మన పెద్దల తెలివి కనిపిస్తుంది. కప్పు బరువంతా గుంజల మీదుగా నేలలోకి పోతుంది. గోడ ఆ బరువు మోయదు. అది వెదురు తడిక, దానికి మెత్తిన మట్టి, పేడ, అంతే. వానలకు గోడ కరిగినా కప్పు కూలదు. వానలు వెళ్లాక, దండారీ అతిథులు వచ్చేలోపు మళ్లీ మెత్తి అలుక్కుంటాం. ఏటేటా మారేది గోడ, తరాలపాటు నిలిచేది కర్ర.

ఆ కర్రను ఎంచడం కూడా ఒక విద్యే. టేకు చెట్టు లోపలి ముదురు రంగు చేవలో సహజంగా నూనెలు ఉంటాయి, దానికి చెదలు తొందరగా పట్టవు. బయటి లేత కర్రకు ఆ బలం లేదు. అందుకే చేవ తేలిన కర్రకు అంత విలువ.

ఇలా కట్టిన ఇంటికి ఇంకో సుఖం ఉంది. నేల సారం తగ్గి ఊరు జరగాల్సి వస్తే, కట్లు విప్పి గుంజలు, దూలాలు బండికెత్తుకుని కొత్త చోట నిలబెట్టుకోవచ్చు. నిజాం పాలనలో అడవికి రిజర్వు హద్దులు గీశాక ఆ స్వేచ్ఛ పోయింది. హద్దు లోపల పడ్డ గూడేలను ఖాళీ చేయించారు, ఇళ్లు తగలబెట్టిన చోట్లూ ఉన్నాయి. కుమ్రం భీం పోరాడింది ఆ నేల మీద, ఆ అడవి మీద హక్కు కోసమే.

1940లో ఆయన అమరుడయ్యాక, మన బతుకులను అధ్యయనం చేయడానికి వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చారు. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ గారూ మార్లవాయిలో బంగళా కట్టించుకోలేదు. కర్ర, వెదురు, గడ్డితో కట్టిన, మన ఇళ్లలాంటి ఇంట్లోనే ఉన్నారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చేసి మీ ముందు నిలబడ్డ మాలాంటి వాళ్లకు ఆ ఊరంటే అందుకే అంత గౌరవం.

ఇప్పటి సంగతికి వద్దాం. స్లాబు ఇల్లు వద్దని మేం అనం. కారే కప్పు కింద రాత్రంతా గిన్నెలు పెట్టుకుంటూ కూర్చునే తల్లుల కష్టం మనకు తెలుసు. గడ్డి కప్పుకు నిప్పు భయమూ తెలుసు. బాధల్లా ఒక్కటే. పాత ఇల్లు విప్పిన రోజు గుంజలు పొయ్యిలోకో, బేరగాళ్ల ట్రాలీలోకో పోతున్నాయి. ఆ గుంజ మళ్లీ దొరకదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, కలపను చేర్చలేదు. అంటే తడికకు ఉన్న ఆ హక్కు నిట్రాడుకు లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవాల్సింది మనమే.

మా హాస్టల్ పిల్లలకు దీపావళి సెలవుల్లో ఒక పని అప్పగించాం. ఇంట్లో గుంజలు లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఒక్కోదాని పేరు పెద్దలను అడిగి రాసుకు రమ్మన్నాం. ఎనిమిదో తరగతి పాప ఒకతె మూడు నిట్రాళ్లు గీసి తాతకు చూపించిందట. "నాలుగోది పొయ్యి దగ్గర పొగకు నల్లబడి ఉంటది, రోజూ దానికే ఆనుకుని తింటవు, చూడలేదా బిడ్డా?" అన్నాడట ఆయన. రోజూ ఆనుకునేదే మన కంటికి ఆనడం లేదు.

అందుకని మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాం. మీ ఊళ్లో పాత ఇల్లు విప్పేముందు దాని పొడవు, వెడల్పు, గుంజల వరుస కొలిచి కాగితం మీద గీయండి. ఇంటివాళ్లను అడిగి, కర్రలు కలిసే చోట్లను ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఒక్కో భాగాన్ని గోండీలో ఏమంటారో పెద్దల నోట విని రాయండి. ఊరు మారితే మాట మారవచ్చు, రెండూ రాయండి. గట్టిగా ఉన్న గుంజలను కాల్చనివ్వకండి. కొత్త ఇంటి పందిరికో, పశువుల కొట్టానికో పనికొస్తాయి.

స్లాబు వేయడానికి మేస్త్రీ ఎక్కడైనా దొరుకుతాడు. నిట్రాడు నిలబెట్టడం తెలిసినవాళ్లు మాత్రం మన ఊళ్లలో కొద్దిమందే మిగిలారు. వాళ్లు మన మధ్య ఉండగానే అడిగి నేర్చుకుందాం.

జై సేవా!