తెరచాప పడవకు విద్యుత్తు తోడు



తెరచాప పడవకు గాలియే ప్రాణము. గాలి పడిపోయినపుడు గడకును తెడ్డుకును పని కలుగును. నేడు ఆ పనికి చిన్న విద్యుత్తు మోటారును, దానికి బలమిచ్చు బ్యాటరీని, ఆ బ్యాటరీని ఎండతో నింపు సౌరఫలకమును అమర్చుకొనుట కలదు. యాకోబీ యను శాస్త్రజ్ఞుడు 1838లోనే రష్యాలోని నీవానదిపై విద్యుత్తుతో పడవ నడిపెను. కేరళమున వైకోమునొద్ద 75 మంది యెక్కు సౌరనౌక 2017లో రాకపోకలు ప్రారంభించెను. కావున ఇది వింతవిద్య కాదు. ఐనను తీగలు కలుపుటలో అజాగ్రత్త జరిగెనేని నడినీట నిప్పు పుట్టును. ఇంటికి నిప్పంటిన వీధిలోనికి పరుగెత్తవచ్చును. పడవకు నిప్పంటిన ఎచ్చటికి పోగలము? మీ యింటి పిల్లలు ఈ పనికి పూనుకొన్నపుడు మీరు అడుగదగిన ప్రశ్నలు నాలుగు గలవు.

మొదటిది జమాఖర్చుల ప్రశ్న. 600 వాట్ల మోటారు గంటసేపు తిరిగిన ఖర్చు 600 వాట్-గంటలు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో నిలువ 1200 వాట్-గంటలు. అందు సగమునకు మించి వాడుచుండిన దాని యాయువు తరుగును. అనగా చేతికి వచ్చునది ఇంచుమించు ఒక గంట ప్రయాణమే. 100 వాట్ల ఫలకము మంచి యెండ గల దినమున సుమారు 400 వాట్-గంటలు జమచేయును. గంట ఖర్చును పూడ్చుటకు ఒకటిన్నర దినము పట్టును. కావున మోటారు వచ్చినదని తెరచాపను చుట్టి అటకపై పెట్టరాదు.

రెండవది తీగ లావు. 600ను 12చే భాగించిన 50 ఆంపియర్లు. పిల్లబోదెలోనికి పెద్దకాలువ నీరు వదలిన గట్టు తెగును. అట్లే ఇంటిదీపపు తీగలో ఇంత ప్రవాహము పంపిన పైతొడుగు కాలును. మోటారు 3 మీటర్ల దూరమున నున్న, పోవు తీగ, వచ్చు తీగ కలిసి 6 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 1.3 వోల్టులు దారిలోనే వేడియై నశించును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టము 0.3 వోల్టు మాత్రమే. ఉప్పుగాలికి తగరపుపూత గల తీగ మేలు. కొసలను మెలివేసి చుట్టక, లగ్గులు వేసి గట్టిగా నొక్కించవలెను.

మూడవది ఫ్యూజు. 12 వోల్టులు మనిషిని ఏమి చేయునని కొందరందురు. సాధారణముగా చేతికి దెబ్బ తగులదు, నిజమే. కాని ఇనుపపానా బ్యాటరీ రెండు కొసలను ఒకేసారి తాకెనా, వందలకొలది ఆంపియర్లు ప్రవహించి పానా ఎఱ్ఱగా కాలును. ఫ్యూజు ముఖ్యముగా కాపాడునది తీగను. కావున దానిని మోటారునొద్ద గాక, బ్యాటరీ ధనధ్రువమునకు ఏడంగుళములలోపల ఉంచవలెను. సీసపు బ్యాటరీ నిండునపుడు మండు వాయువు వెలువడును. దానిని గాలియాడు చోటనే నిలుపవలెను.

నాలుగవది ఫలకము. పన్నెండు వోల్టులదని పేరేగాని యెండలో అది 18 వోల్టులు, అంతకు మించియు నిచ్చును. నేరుగా కలిపిన బ్యాటరీ చెడును. నడుమ చార్జి కంట్రోలరు ఉండవలెను. కలుపునపుడు ముందు బ్యాటరీని, పిదప ఫలకమును. విప్పునపుడు ముందు ఫలకమును, పిదప బ్యాటరీని. చాపనీడ కొంచెము పడినను రాబడి మిక్కిలి తగ్గును గనుక, ఒక పెద్ద ఫలకమునకు మారుగా రెండు చిన్నవి చెరియొక ప్రక్కన నుంచుట యుక్తము.

అన్నియు బిగించిన పిదప పడవను రేవునకు కట్టి అరగంట మోటారు తిప్పించుడు. మీట ఆపి అతుకులను తాకి చూడుడు. వేడిగానున్న అతుకు చెడ్డ అతుకు. అది సరియగువరకు పడవను విడువనీయకుడు. సరియైన పిమ్మటను తెడ్డును ఒడ్డున వదలి పోనీయకుడు.