క్లచ్చి సవరణ, సంరక్షణ
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై పద్యములు, నాటకములు, పండుగల ముచ్చటలు ప్రస్తావనకు వచ్చుట పరిపాటి. మోటారుబండి క్లచ్చిని గూర్చి ఉపన్యాసమేమని కొందఱికి వింతగా తోచవచ్చును. కాని సభకు విచ్చేసినవారిలో పలువురు బండి నడుపువారే. నడుపనివారు వెనుక సీటులో కూర్చుండువారు. సెలవులలో సకుటుంబముగా బయలుదేరిన ఒక ఉద్యోగిని ఊహింపుడు. ఆయన డెహ్రాడూను దాటి మస్సూరి కొండదారి పట్టినాడు. ఇంజను హోరుమనుచున్నది గాని బండి ముందుకు సాగదు. ఏదో మాడిన వాసన. వెనుక లారీ, ప్రక్కన లోయ, లోపల పిల్లలు. ఆ దినమున ఆయన పడు అవస్థకు మూలము, పలుమారులు, కొన్ని నెలల క్రిందట పది నిమిషములలో సవరింపదగియున్న ఒక చిన్న నట్టు.

ఇంజను ఎడతెగక తిరుగవలయును. చక్రములు ఆగుచు, కదలుచు నుండవలయును. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చునది క్లచ్చి. ఇంజను కొసన ఫ్లైవీలను బరువైన చక్రము కలదు. దానికెదురుగా ప్రెషరు ప్లేటు. ఈ రెండింటి నడుమ, ఇరువైపుల గరుకు పట్టీలు గల పలుచని బిళ్ళ యుండును. అదియే క్లచ్చి ప్లేటు. గేరుపెట్టె ఇరుసుపై నిలుచునది. స్ప్రింగుబలముచేత ఈ మూడును ఒత్తుకొని ఒక్కటిగా తిరుగును. పెడలు నొక్కినపుడు రిలీజు బేరింగు ముందునకు జరిగి స్ప్రింగు వ్రేళ్ళను నెట్టును, బిళ్ళ విడివడును. పెడలును మెల్లగా వదలునపుడు బిళ్ళ కొంతసేపు జారుచు, క్రమముగా పట్టు చిక్కించుకొనును. ఆ జారుటలో పుట్టునది వేడి. ఇంజను వేగము మారకుండ బండిని కదలించినచో, బండికి చేకూరిన చలనశక్తికి ఇంచుమించు సమానమైన శక్తి క్లచ్చిలో వేడిగా పోవునని లెక్క తేల్చును. కావున జారుట ఎంత స్వల్పకాలమైన అంత మేలు.

ఇక సవరణ. 1983 డిసెంబరులో వీధులకు వచ్చిన మారుతి 800 మన మధ్యతరగతి కుటుంబములకు కారు రుచి చూపినది. దానిలో పెడలు నుండి క్లచ్చికి శక్తిని కొనిపోవునది ఉక్కుతీగల కేబులు. 2014తో ఆ కారు తయారీ ముగిసినను, కేబులు క్లచ్చి నేర్చుకొనుటకు అంతకన్న సులువైన బండి లేదు. పెడలును చేతితో నొక్కి చూడుడు. మొదట కొంత మేర తేలికగా దిగి, ఆ పిమ్మట గట్టిగా ఎదురొత్తును. ఆ తేలికగా దిగు మేరయే పెడలు ఆట. కేబులు క్లచ్చిగల చిన్నకార్లలో ఇది సాధారణముగా 20 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. కాని బండితో ఇచ్చిన పుస్తకములోని అంకెయే ప్రమాణము.

ఇచ్చట చాలమంది పొరబడు విషయ మొకటి కలదు. బిళ్ళ అరిగినకొలది పెడలు వదులై ఆట పెరుగునని సామాన్యముగ భావింతురు. నిజమునకు జరుగునది వేఱు. బిళ్ళ పలుచబడినపుడు ప్రెషరు ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగును. స్ప్రింగు వ్రేళ్ళు అందుకు ప్రతిగా వెనుకకు, బేరింగు వైపునకు వచ్చును. అందుచేత ఆట తఱుగును. ఆట పెరిగినదన్న కేబులు సాగినదనియో, దాని పోగులు తెగుచున్నవనియో శంకింపవలయును. ఈ భేదము తెలియనివాడు ఆట తగ్గిన బండిని చూచి, పెడలు బిగువుగా నున్నది, క్లచ్చి దివ్యముగా నున్నదని సంతోషించును. కాని ఆట బొత్తిగా పోయిన బండిలో బేరింగు ఎల్లప్పుడును వ్రేళ్ళను ఒత్తుచునే యుండును. పెడలుపై కాలు పెట్టకున్నను క్లచ్చి సగము నొక్కినట్లే లెక్క. బిళ్ళ జారును, కాలును. మస్సూరి దారిలో వచ్చిన వాసన అదియే.

సవరించుటకు ఇంజను ఆపి, బండి చల్లారిన పిదప, గేరుపెట్టెపై క్లచ్చి చేతికి కేబులు తగులు చోట నున్న నట్టును త్రిప్పవలయును. వదులు చేసినచో ఆట పెరుగును, బిగించినచో తగ్గును. ఒక్కసారిగా గాక కొలదికొలదిగా త్రిప్పి, పెడలును రెండుమూడు మారులు నొక్కి మఱల కొలువవలయును. ఎంత సవరించినను ఆట నిలువకున్నచో బిళ్ళకు కాలము తీరినది.

క్లచ్చి జారుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. సమతలమున, ఎదుట ఎవరును లేనిచోట, చేతిబ్రేకు గట్టిగా వేసి, పై గేరులో పెట్టి, క్లచ్చిని మెల్లగా వదలుడు. ఇంజను ఆగిపోయినచో పట్టు బాగున్నది. ఆగక తిరుగుచునే యున్నచో జారుచున్నది. ఈ పరీక్షను మాటిమాటికి చేయుట బిళ్ళను స్వయముగా కాల్చుకొనుటయే. దీనికి విరుద్ధమైన జబ్బు, పెడలు పూర్తిగా నొక్కినను బిళ్ళ విడిపోకుండుట. రివర్సు గేరు గరగరమని మొఱపెట్టుట దాని గుఱుతు. చప్పుళ్ళకును భాష కలదు: పెడలు నొక్కినపుడు వినవచ్చు చప్పుడు సామాన్యముగ రిలీజు బేరింగుది, న్యూట్రలులో వినవచ్చి, పెడలు నొక్కగానే మాయమగునది గేరుపెట్టె బేరింగుది.

స్కూటరు గలవారికి ఒక మాట. పాత బజాజ్, వెస్పా స్కూటర్ల క్లచ్చి బిళ్ళలు నూనెలో మునిగి పనిచేయును. నూనె లేనిచో అవి చెడును. కారు బిళ్ళకు నూనె తగిలెనా, అది చెడినట్లే. ఒకరికి పథ్యము మఱియొకరికి విషము. ఇంజను వెనుక సీలు కారి బిళ్ళ తడిసినచో, కడిగి ఆరవేయుటకు పూనుకొనరాదు. సీలును, బిళ్ళను రెంటిని మార్చవలయును. స్కూటరు చేతిపిడి కొసన 2 మిల్లీమీటర్ల ఆట చాలును. కేబులు పోగు ఒక్కటి తెగి కనబడినను ఆనాడే మార్చుట మంచిది. మిగిలినవి నడిరోడ్డుపైననే తెగుట వానికి అలవాటు.

ఇటీవలి కార్లు పెక్కింటిలో కేబులుకు బదులు ద్రవముతో పనిచేయు క్లచ్చి యున్నది. దీనికి ఆటను సవరింప నక్కఱ లేదు. ద్రవపు మట్టమును మాత్రము చూచుచుండవలయును. బిళ్ళ అరిగినపుడు ఈ మట్టము కొంచెము పెరుగునే గాని తఱుగదు. తఱిగినదన్న ఎక్కడనో కారుచున్నది. పెడలు మెత్తగా దిగబడుచున్నచో గొట్టములో గాలి చేరినదని ఎఱుగునది. 2014లో సెలేరియోతో మన దేశమునకు వచ్చిన స్వయంచాలక గేరు బండ్లలో పెడలు లేదు గాని క్లచ్చి కలదు; ఏటవాలున బ్రేకు వేయక యాక్సిలరేటరుతో బండిని నిలిపినచో అదియును కాలును.

క్లచ్చి నూఱేండ్లు బ్రతుకదు గాని నడుపువాని పాదమును బట్టి దాని ఆయుర్దాయ మేర్పడును. పెడలుపై కాలు ఊరకే ఆనించి నడుపుట, ఎఱ్ఱదీపము వద్ద గేరు వేసియుంచి పెడలు నొక్కిపట్టుట, ఎత్తున సగము క్లచ్చితో బండిని వ్రేలాడదీయుట, బద్ధకించి రెండవ గేరులోనే కదలించుట: ఈ నాలుగును దానికి శత్రువులు. ఎత్తున నిలుపుటకు చేతిబ్రేకు ఉన్నదిగదా!

బిళ్ళ మార్చు వేళ ఒక ముఖ్య విషయము. పూర్వపు క్లచ్చి పట్టీలలో ఆస్‌బెస్టాసు వాడెడివారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల తరువాత క్యాన్సరు మొదలైన వ్యాధులు కలుగును. పాతబండిలోని పట్టీ ఎట్టిదో చూపులతో తేలదు. కావున విప్పిన భాగములను నోటితో ఊదరాదు, గాలిగొట్టముతో కొట్టరాదు, తడిగుడ్డతో తుడువవలయును. షెడ్డులలో ఈ పని చేయునది తఱచు పదునెనిమిదేండ్లైన నిండని కుఱ్ఱవాడు. బండి యజమాని ప్రక్కన నిలిచి, తమ్ముడూ, ఊదకు, తడిగుడ్డ తెచ్చుకో అని ఒక్కమాట చెప్పినచో వానికి మేలు చేసినవాడగును.

ఖర్చు సంగతి యున్నది. గేరుపెట్టెను దింపుటకే కూలి అధికము. కనుక దింపిన పిదప బిళ్ళ, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు మూడింటిని ఒక్కమారు మార్చుట పొదుపు. కాని ఒప్పుకొనుటకు ముందు పెడలు ఆటను కొలిపించి, కేబులును చూపించుకొనుడు. విప్పిన పిదప పాతబిళ్ళను చేతికిమ్మని అడుగుడు. రివెట్ల తలలపై పట్టీ అర మిల్లీమీటరైన మిగులనిచో మేస్త్రీ చెప్పినది నిజము. దళసరిగా, పొడిగా, కాలిన మచ్చ లేక యున్నచో, తప్పు బిళ్ళది గాదని మర్యాదగా ఆయనకు చూపి, కేబులు వద్దకు మఱల రమ్మనవచ్చును.