పిల్లల మొండితనం వెనుక కారణాన్ని వెదకండి

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

సోదర సోదరీమణులారా! జుమా నమాజు ముగిశాక మమ్మల్ని కలిసే తల్లిదండ్రులలో ఎంతోమందిది ఒకే ఫిర్యాదు. “మౌలానా, మావాడు మాట వినడం లేదు. ఎదురు చెబుతున్నాడు, వస్తువులు విసురుతున్నాడు. కాస్త దమ్ చేయండి.” మేము దువా తప్పక చేస్తాము. కానీ దానికి ముందు ఒక మాట అడుగుతాము: బిడ్డ అలా ఎప్పుడు చేస్తున్నాడు? దానికి కాస్త ముందు ఇంట్లో ఏం జరిగింది?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అల్లాహ్ మనకు ఉపాధి ద్వారాలు ఎన్నో తెరిచాడు. హలాల్ సంపాదన కోసం శ్రమించడం పుణ్యకార్యమే. అయితే ఇక్కడి కొలువులు చాలావరకు పరదేశపు గడియారంతో నడుస్తాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, శీతాకాలంలో 7.30. బడి నుండి వచ్చిన బిడ్డ తన కబుర్లు చెప్పుకోవాలని తండ్రి కోసం ఎదురుచూసే వేళ సరిగ్గా అదే. అప్పుడే గది తలుపు మూసుకుంటుంది, మీటింగ్ మొదలవుతుంది. బిడ్డ చేతికి ఫోన్ వస్తుంది. క్యాబ్ నడిపే సోదరుని ఇంటా, రాత్రి కాపలా కాసే సోదరుని ఇంటా పరిస్థితి ఇంతే. మంచిగా పిలిచినప్పుడు తెరుచుకోని తలుపు గ్లాసు పగిలినప్పుడు తెరుచుకుంటే, ఆ పసివాడు ఏ పాఠం నేర్చుకుంటాడు?

హజ్రత్ అనస్ (రజి) గారికి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. ఒకనాడు దైవప్రవక్త (స) వారి ఇంటికి వెళ్లి, ఆ బాలుడు విచారంగా ఉండడం గమనించారు. కారణం అడిగారు. అతడు ఆడుకునే చిన్న పిట్ట చనిపోయిందని ఇంటివారు చెప్పారు. అప్పుడు ఆయన (స) బాలుణ్ణి ముద్దుపేరుతో పిలిచి, ఆ పిట్ట గురించే పలకరించారు. గమనించండి: మొదట చూశారు, పిదప కారణం అడిగారు, ఆ తర్వాతే మాట్లాడారు. సమస్త మానవాళి బాధ్యతను మోస్తున్న మహనీయునికి ఒక పిట్ట కోసం దుఃఖించే పసివానికై తీరిక దొరికింది.

కారణం తెలుసుకోవడమంటే తప్పును ఒప్పుగా చెప్పడం కాదు. హజ్రత్ యూసుఫ్ (అలై) సోదరులు చేసింది ఘోరమైన తప్పు. అయినా దివ్య ఖుర్ఆన్ వారు ఆయనను బావిలో పడవేయడానికి ముందే, తండ్రి ప్రేమ తమకంటే తమ్మునిపైనే ఎక్కువగా ఉందన్న వారి బాధను తెలియజేసింది. ఇంట్లో కొత్తగా తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పెద్దబిడ్డ మొండికేస్తే ఈ వృత్తాంతాన్ని గుర్తుచేసుకోండి. నిద్రలేమి, ఆకలి, ఇల్లు మారడం, బడిలో భయం, పాఠం అర్థం కాకపోవడం, వినికిడి లోపం సైతం బిడ్డ నోట కోపంగానే బయటపడవచ్చు.

“పదేళ్లకు నమాజు చదవకుంటే దండించమని హదీసు ఉంది కదా?” అని కొందరు అడుగుతారు. ఉంది. కానీ అందులోనే, నమాజు గురించి ఏడేళ్ల వయసు నుండి చెప్పాలని ఉంది. ఏడుకూ పదికీ మధ్య మూడేళ్లు. రోజుకు ఐదు పూటల చొప్పున అయిదు వేలకు పైగా సార్లు ప్రేమతో చెప్పే అవకాశం! పైగా గాయపరచరాదనీ, ముఖంపై కొట్టరాదనీ ధర్మవేత్తలు హద్దులు విధించారు. ఆఫీసు విసుగును బిడ్డ వీపుపై తీర్చుకోవడానికి ఈ హదీసులో అనుమతి ఎక్కడ ఉంది? దైవప్రవక్త (స) తమ ఇంట స్త్రీనిగానీ, సేవకునిగానీ ఎన్నడూ చేత్తో కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు.

కనుక సోదరులారా, రోజులో ఒక్క అరగంటైనా ఫోన్ పక్కన పెట్టి బిడ్డ పక్కన కూర్చోండి. అతడు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. ఎంత ఓర్పు వహించినా మార్పు రాకపోతే వైద్యుణ్ణి సంప్రదించడానికి సిగ్గుపడకండి. జిన్ను పట్టిందని తొందరపడి తీర్మానించకండి. మానసిక ఇబ్బందుల గురించి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఎదుగుదల లోపం ఉందనిపిస్తే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అందుకోసమే జాతీయ సంస్థ ఉంది. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే.

మస్జిద్ పెద్దలకూ ఒక మనవి. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారు. మనవడు వీపుపైకెక్కితే సజ్దాను పొడిగించారు. వెనుక వరుసలో పిల్లలు నవ్వితే మనం గద్దించి గెంటివేయడం ఏ సున్నత్? ఇక్కడ అవమానపడిన బిడ్డ రేపు ఈ మెట్లెక్కుతాడా?

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కళ్లకు చలువగా చేయి. వారి మౌనాన్నీ, అల్లరినీ అర్థం చేసుకునే హృదయాన్ని మాకు ప్రసాదించు. మా ఉపాధిలో, మా సమయంలో శుభాన్ని అనుగ్రహించు. ఆమీన్.