మూడోసారి ఆపరేషనా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై యేళ్ళుగా నల్లబోర్డు ముందు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు మావి. పిక్కల మీద నరాలు వానపాముల్లా వుబ్బినవి. మనం నరాలంటాం గాని, అవి సిరలు. రక్తాన్ని పైకి, గుండెకు చేర్చే ఈ సిరల్లో చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది.

మాకు ఒకసారి సిర తీసేశారు. కొన్నేళ్ళకు అదే కాలులో మరో సిర వుబ్బితే లేజరుతో మూసేశారు. ఇప్పుడు మూడోసారి అంటున్నారు. ఇంట్లో "చేయించుకోండి" అనేవారూ వున్నారు, "ఇక చాలు" అనేవారూ వున్నారు.

లాభమేమిటి? బరువు, వాపు తగ్గుతాయి. పుండు పడినవారికైతే లాభం మరీ ఎక్కువ. బ్రిటన్‌లో 450 మంది సిరల పుండ్ల రోగులపై జరిగిన పరిశీలన 2018లో అచ్చయింది. కట్లతోపాటు వెంటనే సిర మూయించుకున్నవారిలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆలస్యం చేసినవారికి 82 రోజులు పట్టింది.

నష్టమేమిటి? చర్మం కాలవచ్చు, తిమ్మిరి మిగలవచ్చు. అరుదుగా లోపలి సిరలో రక్తం గడ్డకట్టి వూపిరితిత్తులకు పోవచ్చు. కోసినచోటే మళ్ళీ కోయడం డాక్టరుకూ కష్టమే. పైగా 1967లో అమెరికాలో డాక్టర్ ఫవలోరో గుండెకు బైపాస్ చేసింది కాలి సిరతోనే. నేటికీ ఆ సిర గుండెకు పనికొస్తుంది. మంచి సిరను పోగొట్టుకోకూడదు.

అందుకని మేము డాక్టరుగారిని అడిగాం: మళ్ళీ ఎందుకొచ్చింది? పాతది మిగిలిందా, మూసింది తెరుచుకుందా, కొత్తది పాడైందా? నిలబెట్టి డాప్లర్ స్కాన్ తీస్తే కొత్తదే అని తేలింది. పుండు లేదు, బిగుతు మేజోళ్ళతో నొప్పి తగ్గుతున్నది. గనుక ప్రస్తుతానికి ఆగుతున్నాం. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా, పుండు పడినా, రక్తం కారినా ఆగం.

ఒక్క మాట. షుగరున్నవారు, పొగ తాగేవారు పాదంలో రక్తం సరిగా ఆడుతోందో లేదో చూపించుకోకుండా ఆ మేజోళ్ళు తొడగకండి. ఒక్క కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుడితే, ఆయాసం వస్తే, అదే రోజు ఆసుపత్రికి పోండి.

శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్. భయపడి వదిలేయడమూ తప్పే, తొందరపడి కోయించుకోవడమూ తప్పే. దువాతోపాటు దవా, దవాతోపాటు ఆలోచన వుండాలి.

ఖుదా హాఫిజ్.