చెరువుకట్టమీది గురువులు



భాగవతము ఏకాదశ స్కంధమున ఒక అవధూత యదుమహారాజుతో తనకు ఇరువదినలుగురు గురువులని చెప్పెను. నేల, నీరు, తేనెటీగ, సాలెపురుగు అందులోనివే. అవధూత వారివద్ద వైరాగ్యము నేర్చెను. నేటి ఇంజనీర్లు అట్టి గురువులవద్దనే నిర్మాణము నేర్చుచున్నారు. వారిని చూచుటకు చిత్తూరు సీమవారు ఊరి చెరువు దాటి పోనక్కరలేదు.

చెరువే మొదటి పాఠము. వాననీరు ఏ పల్లమున పారునో పూర్వులు కనిపెట్టి, రెండు మిట్టల నడుమ కట్ట వేసిరి. నిండిన చెరువు మరవ పారి దిగువ చెరువును నింపును. నీటి స్వభావమునకు ఎదురు పోక, దానివెంట నడచిన పని యిది.

చెరువులోని తామరాకు వేదాంతులకు ఉపమానము. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్ట్‌లాట్ దానిని సూక్ష్మదర్శినితో పరిశీలించెను. నీరంటకుండుటకు కారణము నునుపు కాదు, కంటికానని మైనపు గరుకుదనమే; దొర్లెడి బొట్టు దుమ్మును సైతము కొనిపోవును. 1997లో వెలువడిన ఈ పరిశోధన ఫలముగా వానకే శుభ్రపడు గోడరంగులు వచ్చినవి.

చెరువుపై ఎగురు లకుముకిపిట్ట జపానులోను కలదు. అచ్చట వేగపు రైళ్లు సొరంగము వెలువడునపుడు పిడుగువంటి మ్రోత పుట్టెడిది. పక్షులను పరిశీలించు అలవాటుగల ఇంజనీరు నకాత్సు, చిందు లేవకుండ నీట దూకు ఆ పిట్ట ముక్కును చూచి రైలు ముందుభాగమును సన్నగా, పొడవుగా మలపించెను. 1997లో గంటకు 300 కిలోమీటర్ల వేగమున అది నడచెను.

కట్టప్రక్కన చెదపుట్టయు గురువే. ఆఫ్రికాలోని హరారే నగరమున 1996లో మిక్ పియర్స్ పుట్టను తలచి, సాధారణ శీతలయంత్రములు లేకయే చల్లగానుండు పెద్ద భవనమును నిర్మించెను. పుట్టలో గాలి ఆయన అనుకొన్నట్లు తిరుగదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. పాఠము సగము విన్న శిష్యునికే అంత లాభమైనచో, పూర్తిగా విన్నవానికి ఎంత!

2015లో తిరుపతికి ఐ.ఐ.టి. వచ్చినది. అందు చేరగోరు పల్లెబాలుడు ముందుగా చెరువుకట్టమీద కూర్చుండి చూచుట నేర్వవలెను. అయితే చెరువు పూడి, ఆక్రమణపాలైనచో తామర యుండదు, లకుముకి రాదు. చినిగిన పుస్తకమును మరల అచ్చువేయవచ్చును; చెరువునకు రెండవ ప్రతి లేదు. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడిన చేతులే ఈ గ్రంథమును కూడ కాపాడుగాక!