గంట మోగితే చాలదు, మాట వినపడాలి

(రెడ్డిగూడెంలో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. అవన్నీ అవసరమే. మేము మాత్రం వైరింగు పని చేసుకుని బతికేవాళ్ళం. మాకు తెలిసినవి తీగలు, స్విచ్చులు, మైకులు. కార్యదర్శిగారు "మీకు తెలిసిన విషయమే చెప్పండి, పదిమందికీ పనికొచ్చేలా చెప్పండి" అన్నారు. అందుచేత పెద్ద భవనాల్లో ఆపద వచ్చినప్పుడు లోపలివాళ్ళకు మాట ఎలా చేరాలి, వాళ్ళ మాట బయటికి ఎలా రావాలి అన్న సంగతి మనవి చేసుకుంటాం.

"మామిడి తోటల మధ్య ఉండే రెడ్డిగూడేనికి ఈ గొడవ ఎందుకయ్యా? మన ఊళ్ళో పదంతస్తుల మేడలు ఎక్కడున్నాయి?" అని ఎవరైనా అడగవచ్చు. మేడలు ఇక్కడ లేకపోవచ్చు, మన పిల్లలు మాత్రం మేడల్లోనే ఉన్నారు. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం ఎటుచూసినా ఇదే కథ. ఒకరి అబ్బాయి హైదరాబాదులో ఆఫీసులో పనిచేస్తున్నాడు, ఒకరి అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇంకొకరి తమ్ముడు గల్ఫ్‌లో నలభై అంతస్తుల భవనంలో ఎలక్ట్రీషియను. వైద్యానికి వెళ్ళినా మనం చేరేది నాలుగైదు అంతస్తుల ఆసుపత్రిలోనే. పైగా ఇప్పుడు ఇక్కడ కూడా షాదీఖానాలు, మదరసా హాస్టళ్ళు అంతస్తు మీద అంతస్తుగా లేస్తున్నాయి.

ఇక మనకు దగ్గరలో జరిగినదే చూద్దాం. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడ ఏలూరు రోడ్డులోని స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచాయి. కరోనా రోజులు కనుక అప్పుడు అందులో రోగులను ఉంచారు. 10 మంది చనిపోయారు. పొగ కమ్ముకొస్తుంటే కిటికీల దగ్గర నిలబడి కాపాడమని కేకలు వేసినవాళ్ళను చుట్టుపక్కలవాళ్ళు చూశారు. నిద్రలోంచి లేచిన మనిషికి, అందులోనూ జబ్బు మనిషికి, ఆ క్షణంలో కావలసిందేమిటి? "మంట ఫలానా చోట ఉంది, ఈ మెట్ల వైపు రండి, అటు పోకండి" అనే ఒక్క మాట.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు వచ్చాయి. ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవయ్యేళ్ళ వయసు పిల్లలే, ఊళ్ళ నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. అయిదో అంతస్తులో పొగలో చిక్కుకున్నారు. వాళ్ళ చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి, ఇంటివాళ్ళకు, స్నేహితులకు ఫోన్లు చేశారు. ఎక్కడో దూరాన ఉన్న తల్లిదండ్రులకు బిడ్డల గొంతు వినపడింది. వాళ్ళు అక్కడి నుంచి ఏం చేయగలరు? ఆ మాట చేరవలసింది అదే భవనం కింద నిలబడిన అగ్నిమాపక అధికారికి. "ఫలానా గదిలో ఇంతమందిమి ఉన్నాం" అన్న మాట ఆయన చెవిన పడాలి, "తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కండి, మనుషులు వస్తున్నారు" అన్న జవాబు వాళ్ళకు చేరాలి. సెల్‌ఫోను ఊరంతటికీ పనికొస్తుంది గాని, ఆపదలో భవనం లోపలి మాటకు దాన్ని నమ్ముకోలేం. ఎవరి నంబరు ఎవరికి తెలుస్తుంది? అందుకని భవనానికి దాని సొంత మాట దారి ఉండాలి.

ఆ దారి రెండు విధాలు. ఒకటి కింద నుంచి పైకి. ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, వరండాల్లో, గదుల్లో స్పీకర్లు ఉంటాయి. ఫైర్ కంట్రోల్ రూములో మైకు ఉంటుంది. గంట మోగిన వెంటనే రికార్డు చేసిన మాట వినిపిస్తుంది, కావలసినప్పుడు మనిషి స్వయంగా మాట్లాడవచ్చు. రెండోది పై నుంచి కిందికి, అంటే మాటకు మాట. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర ఒక ఫోను పెట్టె ఉంటుంది. ఎత్తగానే కంట్రోల్ రూములో దీపం వెలిగి ఏ అంతస్తు నుంచో తెలుస్తుంది. నంబరు నొక్కనక్కర్లేదు, సిగ్నలుతో పనిలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు, మెట్లు దిగలేని ముసలివాళ్ళు, నిండు గర్భిణులు ఆగి ఉండే చోట కూడా అలాంటిదే ఒకటి, చెయ్యి పట్టకుండా మాట్లాడేది, ఉండాలి. మన దేశంలో భవన నిర్మాణ నియమావళి మొదట 1970లో వచ్చింది, 2016లో మళ్ళీ సవరించారు. ఎత్తైన భవనాలకు పబ్లిక్ అడ్రెస్, టాక్‌బ్యాక్ ఏర్పాట్లు, ఫైర్ కంట్రోల్ రూము ఉండాలని అందులో రాసి ఉంది.

గంట చాలదా అని అడగవచ్చు. చాలదు. గంట మోగితే మనం ఏం చేస్తాం? ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. "ఎవరో పిల్లలు నొక్కి ఉంటారులే" అంటాం. వడ్డించిన ఆకు ముందు నుంచి లేవం. అదే ఒక గొంతు "లేవండి, కుడివైపు తలుపు గుండా బయటికి నడవండి" అంటే లేస్తాం. 1977 మే 28న అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్బులో మంటలు వచ్చాయి. ఒక హాలులో వందలాది మంది పాట కచేరీ కోసం కూర్చుని ఉన్నారు. నిప్పు సంగతి వాళ్ళకు తెలియదు. వాల్టర్ బెయిలీ అని 18 ఏళ్ళ కుర్రవాడు, ఎంగిలి పళ్ళేలు తీసే పనివాడు, వేదిక ఎక్కి మైకు పుచ్చుకుని తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించి, అందరూ బయటికి నడవండి అని చెప్పాడు. ఆ రాత్రి ఆ క్లబ్బులో 165 మంది చనిపోయారు గాని, ఆ కుర్రవాడి మాట విని బతికిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారు.

దీనికి ఎదురు కథ మన దేశంలోనే ఉంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి 59 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్ళు బాల్కనీలో పొగకు ఉక్కిరిబిక్కిరైనవాళ్ళు. ప్రేక్షకులకు మైకులో హెచ్చరిక చెప్పలేదన్న సంగతి ఆ కేసు విచారణలో ప్రముఖంగా వచ్చింది. సినిమా హాలంటేనే మాట వినిపించే చోటు గదా! ఆపద మాట చెప్పడానికి మాత్రం ఏర్పాటు పనికి రాలేదు.

మాట ఉంటే సరిపోదు, పరిస్థితి మారితే మాట మార్చగలగాలి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో మొదటి మేడను విమానం ఢీకొన్నాక, పక్క మేడలో ఉన్నవాళ్ళకు మీ భవనం భద్రంగానే ఉంది, తిరిగి వెళ్ళవచ్చు అని మైకులో చెప్పారు. కొద్ది నిమిషాలకే రెండో విమానం ఆ మేడనూ ఢీకొంది. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు 24 అంతస్తులూ కాలిపోయి 72 మంది చనిపోయారు. మొదట ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండండి అన్నారు. తరువాత బయటికి రమ్మనాలని నిర్ణయం మార్చుకున్నా, అందరికీ ఒక్కసారిగా చెప్పే సాధనం ఆ భవనంలో లేదు. ఎత్తైన భవనాలన్నిటిలో అలాంటి సాధనం ఉండాలని విచారణ సంఘం 2019లో సిఫారసు చేసింది. అది రంజాన్ నెల. సహరీ కోసం మేలుకొని ఉన్న కొందరు ముస్లింలు పొరుగువారి తలుపులు బాది లేపారని పత్రికలు రాశాయి. మన ఊళ్ళల్లో సహరీకి లేపడం మనకు కొత్తా? అలా లేపడం గొప్ప సంగతే. కానీ ఇరవై నాలుగు అంతస్తుల తలుపులు ఎంతమంది తట్టగలరు?

ఇక పనివాళ్ళ మాటగా కొన్ని సంగతులు.

మొదటిది, కరెంటు. మంటల్లో ముందు పోయేది కరెంటే. అందుచేత దీనికి బ్యాటరీ వేరుగా ఉండాలి. 1993 ఫిబ్రవరి 26న ఆ న్యూయార్కు మేడల కిందనే బాంబు పేలినప్పుడు అత్యవసర కరెంటు, మైకు ఏర్పాటు రెండూ దెబ్బతిన్నాయి. అన్నీ ఒకేచోట పెడితే అన్నీ ఒకేసారి పోతాయి.

రెండోది, తీగ. మామూలు వైరు మంటలో కరిగి షార్టవుతుంది. కొంతసేపు మంటను తట్టుకునే కేబులే వెయ్యాలి. ఒక వరండాలోని స్పీకర్లన్నీ ఒకే లైను మీద ఉండకూడదు. ఒకటి విడిచి ఒకటి రెండు లైన్ల మీద కలపాలి. అప్పుడు ఒక లైను తెగినా సగం స్పీకర్లు పలుకుతాయి. తీగ తెగితే ప్యానెల్ మీద ఆ రోజే దీపం వెలగాలి గాని, మంట వచ్చిననాడు తెలియకూడదు.

మూడోది, స్పష్టత. మనవాళ్ళకు ఒక భ్రమ ఉంది, పెద్ద హారను పెడితే బాగా వినపడుతుందని. పెద్ద హాలులో రెండు పెద్ద హారన్లు పెడితే గోడలకు కొట్టుకుని మాట మాట మీద పడుతుంది. చప్పుడు ఉంటుంది, మాట ఉండదు. చిన్న స్పీకర్లు ఎక్కువ పెట్టి, తక్కువ గొంతుతో పలికించడమే సరైన పద్ధతి. పరీక్ష చేసేటప్పుడు ఫ్యాన్లన్నీ వేసి, తలుపులు మూసి, జనం ఉన్నప్పుడు చెయ్యాలి. ఖాళీ హాలులో చేసే పరీక్ష పరీక్ష కాదు.

నాలుగోది, భాష. మన హాళ్ళకు వచ్చేవాళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళు, ఉర్దూ తెలిసినవాళ్ళు ఉంటారు. వంటవాళ్ళలో, తాపీ పనివాళ్ళలో హిందీ తప్ప తెలియనివాళ్ళూ ఉంటారు. మాట మూడు భాషల్లో ఉండాలి, పొట్టిగా ఉండాలి. "దయచేసి వినండి. భవనంలో మంట వచ్చింది. దగ్గరి మెట్ల గుండా కిందికి నడవండి. లిఫ్టు ఎక్కకండి." ఇంతే చాలు. చెవుడు ఉన్నవాళ్ళ కోసం మెరిసే దీపాలు కూడా పెట్టాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 1999 నాటి అగ్నిమాపక చట్టం ఎత్తైన మేడలనే గాక, 6 మీటర్లు దాటిన ఎత్తు గాని 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గాని ఉన్న బడులు, ఫంక్షన్ హాళ్ళు, ప్రార్థనా స్థలాలను కూడా లెక్కలోకి తీసుకుంది. అంటే మన షాదీఖానాలు చాలావరకు ఆ గీత లోపలే ఉంటాయి.

మేము వైరింగుకు వెళ్ళిన ఒక షాదీఖానాలో కింద మగవాళ్ళకు, పైన ఆడవాళ్ళకు, పిల్లలకు ఏర్పాటు. ఖుత్బా, నిఖా మాటలు పైకి వినపడడానికి పైన చక్కటి స్పీకర్లు పెట్టారు. సంతోషం. కానీ పై నుంచి కిందికి ఒక్క మాట వచ్చే దారి లేదు. పైన గ్యాసు లీకైనా, ఒక తల్లి సొమ్మసిల్లి పడినా, ఒక పిల్లవాడు మెట్ల మీద నుంచి జారినా, ఎవరో ఒకరు పరుగున దిగి రావలసిందే. పొగ మెట్లలో నిండితే ఆ పరుగు కూడా లేదు. మేము "ఒక ఇంటర్‌కం పెట్టిద్దాం సాహెబ్" అన్నాం. "ఈ సంవత్సరానికి వద్దు, ఫ్లోరింగుకే డబ్బు చాలడం లేదు" అన్నారు. ఆ సంవత్సరం నేల మీద ఎంతో ఖరీదైన రాయి పరిచారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. డబ్బు ఇచ్చినవాళ్ళ కంటికి రాయి కనపడుతుంది, గోడలోని తీగ కనపడదు. కమిటీలకు ఉండే కష్టం మాకు తెలుసు.

అందుకే పెద్దలకు మా విన్నపాలు మూడు. కొత్తగా కట్టే ఏ కట్టడానికైనా స్లాబు వేసేనాడే ఈ తీగల కోసం వేరే పైపులు వేయించండి. అప్పుడు అయ్యేది స్వల్పం, ప్లాస్టరింగు అయ్యాక గోడలు కొట్టాలంటే ఎన్నో రెట్లు. పాత కట్టడాల్లో కనీసం పై అంతస్తు నుంచి కింది గదికి మాటకు మాట వచ్చే ఫోను, బ్యాటరీ మీద నడిచే మైకు పెట్టించండి. మైకు గది తాళం చెవి ఒక్కరి జేబులో ఉండకుండా, మాట్లాడవలసినవాళ్ళు ఇద్దరు ముగ్గురిని ముందే నియమించి, వారిలో ఆడవాళ్ళు కూడా ఉండేలా చూసి, ఏడాదికి రెండుసార్లు అందరి చేత సాధన చేయించండి. ఏది జరిగినా 101కి ఫోను చెయ్యడం మాత్రం మరువరాదు.

మన కుర్రవాళ్ళకు ఒక మాట. గల్ఫ్ వెళ్ళి ఈ పని నేర్చుకున్నవాళ్ళు మన ప్రాంతంలో ఉన్నారు. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక్క పూట మన షాదీఖానాకో, హాస్టలుకో వచ్చి చూసి, లోపాలు రాసి ఇవ్వండి. ఐ.టి.ఐ. చదివే తమ్ముళ్ళు ఈ పని నేర్చుకుంటే బతుకుతెరువూ ఉంది, పుణ్యమూ ఉంది.

వెనకటి రోజుల్లో ఊరికి ఏది వచ్చినా చాటింపు వేసేవాళ్ళు. డప్పు మోగగానే జనం గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు గాని, డప్పు విని ఎవరూ ఏ పనీ చేసేవాళ్ళు కాదు. డప్పు ఆగి, మనిషి నోరు విప్పి చెప్పింది విని చేసేవాళ్ళు. పైగా అర్థం కాకపోతే "ఏమిటయ్యా, మళ్ళీ చెప్పు" అని అడిగేవాళ్ళు, అతను మళ్ళీ చెప్పేవాడు. పెద్ద భవనాల్లో మనం అడుగుతున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

 కార్యవర్గంవారు ఈ సంవత్సరం తీర్మానాల్లో దీన్నొకటిగా చేరిస్తే మేము కూలి తీసుకోకుండా తీగలు లాగుతాం. సెలవు. ఖుదా హాఫిజ్.